ఒక్క పేపరు తప్పితే చదువు ఆగాలా?

కొన్నేళ్ల కిందట మా స్కాలర్‌షిప్ కమిటీ ఒక దరఖాస్తు దగ్గర ఆగిపోయింది. బీఎస్సీ మొదటి ఏడు పూర్తి చేసిన అమ్మాయి. తండ్రి దర్జీ పని చేస్తాడు. మొదటి సెమిస్టరు మెమోలో తొమ్మిది వరుసలుంటే ఎనిమిదింటికి మంచి గ్రేడ్లు, కెమిస్ట్రీ థియరీకి మాత్రం ‘ఎఫ్’. రెండో సెమిస్టరు అంతా పాస్. అప్పటి మా నియమం ప్రకారం ఫెయిలైన వారికి మరుసటి ఏడు సాయం లేదు. దరఖాస్తు పక్కన పెట్టబోతూ, బయట కూర్చున్న అమ్మాయిని ఒకసారి లోపలికి పిలిచాం.

“చాచా, నేను ఫెయిల్ అవలేదు. ఒక్క పేపరు ఉండిపోయింది. మూడో సెమిస్టరు పరీక్షలప్పుడు రాసేస్తాను,” అంది.

ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో మాలో సగం మందికి తెలియదు. దాతలిచ్చిన సొమ్ము అమానత్. దాన్ని ఎవరికివ్వాలో నిర్ణయించే మాకు పరీక్షల నియమాలే తెలియకపోతే ఎలా అని ఆ రోజు అనిపించింది. అప్పటి నుంచి తెలుసుకున్నదాన్ని ఇక్కడ మీ ముందు పెడుతున్నాం.

పాస్ అంటే ఏమిటి?

మా తరం చదివిన రోజుల్లో ఏడాదికి ఒకసారి పెద్ద పరీక్ష. భాషలకు ఒక క్లాసు, గ్రూపు సబ్జెక్టులకు ఒక క్లాసు. అరవై శాతం వస్తే ఫస్ట్ క్లాసు, యాభై వస్తే సెకండ్ క్లాసు. ఇప్పుడు మూడేళ్ల డిగ్రీ ఆరు సెమిస్టర్లు. ప్రతి సబ్జెక్టుకూ కొన్ని క్రెడిట్లు. యూజీసీ లెక్కలో పదిహేను గంటల పాఠం ఒక క్రెడిట్, ప్రాక్టికల్స్ అయితే ముప్పై గంటలు ఒక క్రెడిట్. సైన్సు సబ్జెక్టుకు థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు. దేని పాస్ దానిదే.

ఆ అమ్మాయి కెమిస్ట్రీ మార్కులు చూసి మేము ఆశ్చర్యపోయాం. కాలేజీలో పెట్టే ఇంటర్నల్స్‌లో 25కి 21, విశ్వవిద్యాలయం పరీక్షలో 75కి 28. మొత్తం 49. నూటికి నలభై వస్తే పాస్ కదా, మరి ఎఫ్ ఎందుకు వచ్చింది? ఇక్కడ షరతులు రెండు. మొత్తం మీద నలభై శాతం రావాలి, విశ్వవిద్యాలయం పరీక్షలోనూ విడిగా నలభై శాతం, అంటే 75కి 30 రావాలి. రెండు మార్కులు తక్కువయ్యాయి. ఇంటర్నల్స్‌లో ఎంత వచ్చినా ఆ రెండు మార్కుల లోటును పూడ్చవు.

రెండు మార్కుల తేడా ఉన్నప్పుడు రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఫలితాలొచ్చాక కొద్ది రోజులే గడువు ఉంటుంది. పేపరుకు ఇంత అని ఫీజు ఉంటుంది. ఆ అమ్మాయి ఎందుకు చేయలేదని అడిగాం. ఆ నెల ఇంట్లో డబ్బు లేదట. తండ్రి సర్దేసరికి గడువు దాటిపోయింది. మా దగ్గర నిధి ఉంది. ఆ కొద్దిపాటి ఫీజుకు మమ్మల్ని అడగవచ్చని ఆమెకు తెలియదు, చెప్పాలని మాకూ తోచలేదు.

పై తరగతికి వెళ్లడం

పేపరు తప్పినంత మాత్రాన అదే తరగతి మళ్లీ చదవనక్కర లేదు. హాజరు సరిపోయి, పరీక్ష ఫీజు కట్టి ఉంటే తరువాతి సెమిస్టరుకు పంపే విశ్వవిద్యాలయాలున్నాయి. ఏడాది మారేటప్పుడు అప్పటిదాకా ఉన్న పేపర్లలో సగమైనా పాసవ్వాలనే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. కాబట్టి మెమోలో ఒక ఎఫ్ ఉన్న విద్యార్థీ, అయిదారు ఎఫ్‌లు ఉన్న విద్యార్థీ ఒకటి కాదు. మొదటివారికి దారి తెరిచే ఉంది. రెండోవారు ఏడాది ఆగిపోవచ్చు.

మార్కుల కంటే గట్టి అడ్డం హాజరు. మామూలుగా 75 శాతం ఉండాలి. జబ్బు చేస్తే డాక్టరు సర్టిఫికెట్ మీద కొంత సడలింపు ఇచ్చి, దానికి రుసుము కట్టించుకుంటారు. అంతకన్నా తగ్గితే అసలు పరీక్షకే కూర్చోనివ్వరు. మా వద్దకు వచ్చే పిల్లల్లో కొందరు ఉదయం కాలేజీకి, సాయంత్రం దుకాణంలో పనికి వెళ్తారు. సీజనులో దుకాణం పని పగటి పూటకు పాకిందంటే ముందు హాజరే దెబ్బతింటుంది. అందుకే ఇప్పుడు మేము మార్కుల మెమోతో పాటు హాజరు కాగితం కూడా అడుగుతున్నాం. మార్కులు పడిపోక ముందే సంగతి బయటపడేది అక్కడే.

ఉండిపోయిన పేపరును సాధారణంగా ఆ సెమిస్టరు పరీక్షలు మళ్లీ జరిగినప్పుడే రాయాలి. మొదటి సెమిస్టరు పేపరైతే మూడో సెమిస్టరు పరీక్షల వేళ, అంటే దాదాపు ఏడాది తరువాత. చివరి సెమిస్టరులో ఒక్క పేపరు పోయినవారికి, ఏడాది వృథా కాకుండా వెంటనే ఇన్‌స్టంట్ పరీక్ష పెట్టే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. దానికీ ఫీజు, గడువు ఉంటాయి.

క్లాసు ఎలా లెక్కిస్తారు?

యూజీసీ పది పాయింట్ల పద్ధతిలో ఓ అంటే పది, ఏ ప్లస్ తొమ్మిది, ఏ ఎనిమిది, బీ ప్లస్ ఏడు, బీ ఆరు, సీ అయిదు, పీ నాలుగు, ఎఫ్ సున్నా. ఒక్కో సబ్జెక్టు గ్రేడు పాయింటును దాని క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఆ సెమిస్టరు సగటు వస్తుంది. దాన్ని ఎస్‌జీపీఏ అంటారు. అన్ని సెమిస్టర్లకూ కలిపి తీసిన సగటు సీజీపీఏ.

ఆ అమ్మాయి మెమోనే చూద్దాం. ఇంగ్లీషు 3 క్రెడిట్లు, ఏ: 24. ఉర్దూ 3 క్రెడిట్లు, ఏ ప్లస్: 27. రెండేసి క్రెడిట్ల చిన్న కోర్సులు రెండు, బీ ప్లస్, ఏ: 14, 16. లెక్కలు 5 క్రెడిట్లు, బీ: 30. ఫిజిక్స్ థియరీ 4 క్రెడిట్లు, బీ ప్లస్: 28. ఫిజిక్స్ ప్రాక్టికల్ 1 క్రెడిట్, ఏ ప్లస్: 9. కెమిస్ట్రీ ప్రాక్టికల్ 1 క్రెడిట్, ఏ: 8. కెమిస్ట్రీ థియరీ 4 క్రెడిట్లు, ఎఫ్: సున్నా. మొత్తం 156. దాన్ని 25 క్రెడిట్లతో భాగిస్తే 6.24. అదే కెమిస్ట్రీలో బీ తెచ్చుకుంటే 24 పాయింట్లు కలిసి 180 అవుతుంది, సగటు 7.2. ఒక్క పేపరు దాదాపు ఒక పాయింటు తేడా తెస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. సీజీపీఏను శాతంగా మార్చే పద్ధతి అన్ని చోట్లా ఒకటి కాదు. ఒక చోట పదితో గుణిస్తారు, ఇంకో చోట 0.75 తీసేసి పదితో గుణిస్తారు. అదే 6.9 ఒక లెక్కలో 69 శాతం, మరో లెక్కలో 61.5 శాతం. ‘65 శాతం ఉంటేనే సాయం’ అని మేము గీత గీస్తే ఒకే సీజీపీఏ ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి అందుతుంది, మరొకరికి అందదు. అందుకే ఎవరి విశ్వవిద్యాలయం సూత్రం ప్రకారం వారి శాతం చూస్తున్నాం.

ఈ శాతాలు ఊరికే గోడకు తగిలించుకునే పటాలు కావు. బీఈడీలో చేరాలంటే డిగ్రీలో సాధారణంగా 50 శాతం కావాలి. ఎమ్మెస్సీ తరువాత నెట్ రాయాలంటే జనరల్ అభ్యర్థికి 55 శాతం ఉండాలి, రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంది. కేంద్రం మైనారిటీ విద్యార్థులకిచ్చిన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కూడా అంతకు ముందు పరీక్షలో 50 శాతం షరతు ఉండేది. బొటాబొటీగా పాసైన విద్యార్థికి డిగ్రీ చేతికొచ్చినా ఈ తలుపులు మూసుకునే ఉంటాయి.

కొత్త చట్రం

2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రంలో మొదటి ఏడు 40 క్రెడిట్లతో పాటు వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు పూర్తి చేసి ఆగిపోతే సర్టిఫికెట్, రెండో ఏడు 80తో పాటు అలాగే 4 ఉంటే డిప్లొమా, 120కి మూడేళ్ల డిగ్రీ, 160కి నాలుగేళ్ల ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆ పైన తెచ్చుకున్నవారు నాలుగో ఏడు పరిశోధనతో ఆనర్స్ చేయవచ్చు. మధ్యలో మానేసినవారు మూడేళ్లలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలో ముగించవచ్చు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి ఒకే మేజరు సబ్జెక్టు పద్ధతి వచ్చింది.

పెళ్లి వల్లనో, తండ్రి జబ్బు వల్లనో చదువు ఆగిన ఆడపిల్లలు మన వీధుల్లో ఎందరో మీకూ తెలుసు. ఈ చట్రంలో చేరి ఆగినవారికి చదివిన క్రెడిట్లు పోవు, మూడేళ్ల వరకు తిరిగి వచ్చే దారి ఉంటుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పేవారు కావాలి.

మేము మార్చుకున్నది

ఇప్పుడు మా నియమం ఇది. ఒకటి రెండు పేపర్లు ఉండిపోయినా, హాజరు సరిగా ఉండి పై సెమిస్టరుకు వెళ్లిన విద్యార్థికి సాయం ఆపం. అంతకు మించి ఉంటే తల్లిదండ్రులతో, అధ్యాపకులతో మాట్లాడి నిర్ణయిస్తాం. రీవాల్యుయేషన్, బ్యాక్‌లాగ్ పరీక్షల ఫీజులకు నిధిలో కొంత భాగం విడిగా ఉంచాం. దాన్ని ఇవ్వడానికి కమిటీ సమావేశం దాకా ఆగం. ఏడాది ఫీజు మొత్తం కడితేనే దానమని అనుకోకండి. గడువు ముగిసే రోజున అందిన కొన్ని వందల రూపాయలు ఒక ఏడాదిని కాపాడతాయి.

ఆ అమ్మాయి మూడో సెమిస్టరుతో పాటు కెమిస్ట్రీ రాసింది, బీ గ్రేడుతో పాసైంది. డిగ్రీ ముగించి ఇప్పుడు బీఈడీ చదువుతోంది. ఆ రోజు బయట కూర్చున్న ఆమెను మేము పిలవకపోయి ఉంటే ఆ దరఖాస్తు తిరస్కరించిన కట్టలోనే ఉండేది. మీ ఇంటి దగ్గర, మీ దుకాణంలో ‘ఫెయిలైంది, మానేసింది’ అన్న మాట వినబడితే ఎన్ని పేపర్లు, ఏ సెమిస్టరు, గడువెప్పుడు అని ఒక్కసారి అడగండి. తరువాత మాకు కబురు పెట్టండి.