కడ్డీ మీద నడక

మానవపాడులో మా వీధి మొగదల దర్జీ మామ అరుగు మీద ఒక కాలి కుట్టుమిషను ఉండేది. బడి సెలవుల్లో నన్ను కూర్చోబెట్టి తొక్కమనేవాడు. నేను తొక్కానో లేదో చక్రం ఎదురు తిరిగేది, దారం పుటుక్కున తెగేది. "కాలుతోని మొదలుపెడితే ఎట్ల తిరుగుతది బిడ్డా? ముందుగాల చేత్తోని చక్రం నీ దిక్కు తిప్పు. అది కదిలినంక తొక్కు" అనేవాడు మామ.

ఏళ్ల తర్వాత కర్నూలులో ఒక జిమ్ములో, పెడళ్ల మీద నిలబడి నడిచినట్టు కాళ్లు ఆడించే ఎలిప్టికల్ యంత్రం మొదటిసారి ఎక్కాను. ఒక పాదం బాగా పైన, రెండోది బాగా కింద. ఒళ్లంతా బరువు వేసి నొక్కినా పెడల్ కదల్లేదు. కాలు కాస్త ముందుకు తోసేసరికి జారిపోయినట్టు తిరిగింది. మామ మాట అప్పుడు గుర్తొచ్చింది. ఈ రెండు యంత్రాలదీ ఒకే వంశం.

కుట్టుమిషను కింది భాగంలో మూడు ముక్కలుంటాయి. ముందుకీ వెనక్కీ ఊగే పలక, గుండ్రంగా తిరిగే చక్రం, ఆ రెంటినీ కలిపే కడ్డీ. మన పాదం ఉండేది పలక మీద. సైకిలుకి వస్తే పాదం తిరిగే క్రాంకు మీదే ఉంటుంది, అందుకే దాని దారి వలయం. ఎలిప్టికల్‌లో పాదం మోపేది ఈ రెండు చోట్లా కాదు, కలిపే కడ్డీ మీద. దాని కొత్తదనమంతా నాకు కనిపించేది ఇక్కడే.

ఇంట్లో కాలి మిషను ఉంటే ఒక పని చేసి చూడండి. ఆ కడ్డీ మీద మూడు చోట్ల సున్నం బొట్లు పెట్టి, పై చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. చక్రం దగ్గరి బొట్టు దాదాపు గుండ్రంగా తిరుగుతుంది. పలక దగ్గరిది కొంచెం వంపుతో పైకీ కిందికీ పోయి వస్తుంది. నడిమిది నిలబెట్టిన కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. ఆ గుడ్డును పడుకోబెడితే అదే ఎలిప్టికల్ పెడల్ దారి. మా ఊరి స్టేషను మీదుగా ఒకప్పుడు మీటర్ గేజ్ పట్టాల మీద పోయిన పొగబండి ఇంజన్లలోనూ, పిస్టన్ వైపు నుంచి చక్రానికి వచ్చే పొడవాటి కడ్డీ నడిమి భాగం ఇలాగే గుడ్డు గీస్తూ తిరిగేది. చూసినవాళ్లు లక్షల మంది. దాని మీద కాలు పెట్టి నడవవచ్చని తోచడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

అలా తోచినవాళ్లలో ఎక్కువగా వినిపించే పేరు లారీ మిల్లర్. అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంజినీరు. కూతురు పరుగెత్తుతుంటే పక్కనే కారులో వెళ్తూ వీడియో తీసి, ఆమె పాదం గీసే దారిని కాగితం మీదికి ఎక్కించాడని చెబుతారు. ఆ దారి గుండ్రంగా లేదు, అడ్డంగా సాగిన కోలగా ఉంది. ఆయన యంత్రానికి 1995లో పేటెంట్ వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ప్రీకోర్ కంపెనీ అదే ఏడాది ఈఎఫ్ఎక్స్ పేరుతో దాన్ని జిమ్ములకు తెచ్చింది. ఆ తర్వాత రాబర్ట్ రోడ్జర్స్, జోసెఫ్ మారెష్ వంటి వాళ్లు ఇవే మూడు ముక్కలను రకరకాలుగా అమర్చి పేటెంట్లు తీసుకున్నారు.

ప్రీకోర్ అమరికలో క్రాంకు వెనక ఉంటుంది. పెడల్ కడ్డీ ఒక కొస దానితో గుండ్రంగా తిరుగుతుంది. ముందు కొసకున్న రోలర్ పట్టా మీద ముందుకీ వెనక్కీ దొర్లుతుంది. క్రాంకు 20 సెంటీమీటర్లు ఉందనుకుందాం. కడ్డీ మీద పెడల్ ఎక్కడ బిగించినా అడుగు పొడవు సుమారు 40 సెంటీమీటర్లే వస్తుంది. ఎత్తు మాత్రం మారుతుంది. సరిగ్గా నడిమధ్య బిగిస్తే పాదం 20 సెంటీమీటర్లు లేస్తుంది, రోలర్ వైపు నుంచి పావు వంతు దూరంలో బిగిస్తే 10 మాత్రమే. రోలర్ పట్టాను ఏటవాలుగా లేపితే కోల మొత్తం ఒరిగి, గట్టెక్కుతున్నట్టు ఉంటుంది. ఒక్క బోల్టు ఎక్కడ పడుతుందనే దాన్ని బట్టి నడక పరుగవుతుంది, పరుగు మెట్లెక్కడమవుతుంది.

ఎంత నొక్కినా పెడల్ కదలని ఆ మొండి చోటును, తిరగడం మొదలయ్యాక దాటించేది ఫ్లైవీలు అనే చక్రం. పెద్ద కప్పీ నుంచి చిన్న కప్పీకి బెల్టు వేసి దాన్ని కాళ్ల కంటే వేగంగా తిప్పుతారు. వేగం పది రెట్లయితే అదే చక్రంలో నిలవుండే శక్తి నూరు రెట్లు. అందుకే ఓ మోస్తరు బరువున్న చక్రమే సరిపోతుంది. బిగువు పెంచడానికి అయస్కాంతాన్ని చక్రం అంచుకు దగ్గరగా జరుపుతారు. తిరిగే లోహంలో పుట్టే సుడి విద్యుత్తు ఆ కదలికనే అడ్డుకుంటుంది. ఒకదానికొకటి తగలదు, కాబట్టి ఈ బ్రేకు అరగదు.

పరుగెత్తేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడింతల దెబ్బ కాలికి తగులుతుంది. ఎలిప్టికల్ మీద పాదం పెడల్‌ను వదలదు కనుక ఆ దెబ్బ ఉండదు. మా నడిగడ్డ ప్రాంతంలో సీడు పత్తి చేలల్లో పొద్దంతా నిలబడి పనిచేసి మోకాళ్లు అరగదీసుకున్న ఆడవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి. వాళ్లకు పనికొచ్చే యంత్రమిది అని గట్టిగా నమ్ముతాను. అయితే ఒక మాట. చాలా యంత్రాల్లో పెడల్ దారి బోల్టులతో బిగించి ఉంటుంది, మన కాలి పొడవును బట్టి మారదు. జిమ్ము యంత్రాల అడుగు చాలావరకు 45, 50 సెంటీమీటర్లు ఉంటుంది. పొట్టివాళ్లకు అది చాచి వేసే అంగ. రెండు పెడళ్ల మధ్య ఎడం ఎక్కువైనా తుంటి నొప్పి పుడుతుంది. ఎక్కిన ఐదు నిమిషాల్లో తుంటి పట్టేస్తే తప్పు మీ ఒంటిది కాదు, ఆ యంత్రం మీ కొలతకు సరిపడలేదన్నమాట.

పార్కుల్లోని ఓపెన్ జిమ్ములకు వచ్చేసరికి ఇదే యంత్రం చాలా సాదా అయిపోయింది. కరెంటు లేదు, అయస్కాంతం లేదు. దుమ్ము పట్టే రోలర్ పట్టాకు బదులు ఎక్కువగా పైనుంచి ఊగే చేతి కడ్డీనే పెడల్ కడ్డీకి తగిలిస్తారు. కుట్టుమిషను పలకలాగే అదీ ఊగుతుంది. మంచి ఆలోచనే. కానీ బరువంతా మోసేది కీళ్లలోని బేరింగులే. ఎండావానలకు గ్రీజు ఎండి, సీలు పగిలి లోపలికి మట్టి చేరితే ముందు కిర్రుమంటుంది, తర్వాత పెడల్ పక్కకు ఊగుతుంది. అలా ఊగే పెడల్ మోకాలిని మెలిపెడుతుంది. ఏ నొప్పి తగ్గించడానికి దీన్ని కనిపెట్టారో ఆ నొప్పినే తెస్తుంది.

దర్జీ మామ ప్రతి శుక్రవారం మిషనుకు నూనె వేసేవాడు. పార్కుల్లో, ఊళ్లలో ఈ యంత్రాలు పెట్టించే సర్పంచులకూ కౌన్సిలర్లకూ నా మనవి ఇదే: కొనేటప్పుడే రెండు జతల బేరింగులు అదనంగా తీసుకోండి, నెలకోసారి బిగించి గ్రీజు పెట్టే మనిషి ఎవరో కూడా అప్పుడే రాసిపెట్టండి.