పసిచేతుల సేవ



అయోధ్యాకాండలో దశరథ మహారాజు తన యౌవనంలో జరిగిన ఒక దారుణాన్ని కౌసల్యాదేవితో చెప్పుకొంటాడు. సరయూ తీరాన, చీకటిలో కడవ మునుగుతున్న చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుతున్నదని భ్రమించి బాణం విడిచాడు. అది ఒక మునికుమారునికి తగిలింది. వాల్మీకి మహర్షి అతని పేరు చెప్పలేదు. తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుడని లోకం చెప్పుకొంటున్నది. ప్రాణం పోతున్నప్పుడు సైతం అతని చింత, దప్పికతో ఎదురుచూస్తున్న అంధులైన తల్లిదండ్రులను గూర్చియే.

ఈ మాతాపితృభక్తిని మనమందరమూ కొనియాడుతాము. అయితే మరొక సంగతిని కూడా గమనించాలి. ఆ వృద్ధులకు ఆధారం అతడొక్కడే. అతడు ఒరిగిననాడు వారిని ఆదుకొనే మరొక చేయి లేకపోయింది. సేవాభారమంతా ఒక్క భుజంపై ఉంచరాదని కూడా ఈ కథ మనకు బోధిస్తున్నది.

నేడు కొన్ని ఇళ్ళలో, పక్షవాతంతో మంచం పట్టిన నాయనమ్మ గదిలోకి పోవద్దనీ, చదువు పాడవుతుందనీ పిల్లలను దూరంగా ఉంచుతారు. అట్టి పిల్లలకు వార్ధక్యమంటే భయం కలుగుతుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే, తన అల్లరివల్లనే ఆమెకు జబ్బు చేసిందేమోనని పసిమనస్సు కుమిలిపోవచ్చును. జబ్బు సంగతి వారికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి. మరికొన్ని ఇళ్ళలో పదేళ్ళ ఆడపిల్లను బడి మాన్పించి, రోగి ప్రక్కన కూర్చోబెడతారు. ఇది ధర్మం కాదు. 6 నుండి 14 సంవత్సరాల వయస్సు గల పిల్లలకు చదువు హక్కు అని 2009 నాటి చట్టం చెప్పుతున్నది.

మరి పిల్లలు ఏమి చేయాలి? అయిదేళ్ళ బిడ్డ కళ్ళజోడు, చేతికర్ర అందించవచ్చు. ఎనిమిదేళ్ళ బిడ్డ భాగవతకథ చదివి వినిపించవచ్చు. పన్నెండేళ్ళ బిడ్డ పెద్దల ఎదుట పాదాలకు నూనె రాయవచ్చు. మందులు ఇవ్వడం, మంచంమీదనుండి లేపడం, స్నానం చేయించడం, రాత్రి మేలుకొనడం మాత్రం పెద్దల పనియే. ఈ సేవలో ఆడపిల్ల, మగపిల్లవాడు అనే భేదం ఉండరాదు.

ఆజ్ఞాపిస్తే సేవాబుద్ధి కలగదు. ఇంటి కోడలు ఒక్కతే శ్రమపడుతూ, తండ్రి వార్తాపత్రిక చదువుకొంటూ కూర్చుంటే, పిల్లవాడు నేర్చేదీ అదే. తండ్రి తన తల్లి నోటికి స్వయంగా అన్నం అందిస్తుండగా చూచిన పిల్లవానికి వేరే ఉపదేశం అక్కరలేదు.

కనుక మన ఇంటి కావడిని పెద్దలమే భుజాన మోద్దాము. పిల్లలను చేయి మాత్రం వేయనిద్దాము. ఆ చేయి రేపు మనకు ఆసరా అవుతుంది.

శుభమస్తు.