నాన్-రిఫండబుల్ రూమ్, మన బయానా

హోటల్ బుకింగ్ యాప్ ఏది ఓపెన్ చేసినా ఒకే రూమ్‌కి రెండు రేట్లు కనిపిస్తాయి. ఒకటి కొంచెం ఎక్కువ, పక్కనే ఆకుపచ్చ రంగులో ‘ఫ్రీ క్యాన్సిలేషన్’ అని ఉంటుంది. రెండోది తక్కువ, దాని కింద బూడిద రంగులో చిన్న అక్షరాలతో ‘నాన్-రిఫండబుల్’ అని ఉంటుంది. హ్యాకథాన్‌కో, ఇంటర్వ్యూకో, గేట్ పరీక్షకో హైదరాబాద్, వైజాగ్ వెళ్ళే మనవాళ్ళు ఎక్కువమంది రెండోదే నొక్కుతారు. స్టూడెంట్స్‌మి కదా, రెండొందలు మిగిలితే ఒక బిర్యానీ. తర్వాత ఇంటర్వ్యూ వారం వాయిదా పడుతుంది. డబ్బులు అడుగుదామంటే “రాసే ఉంది కదరా, ఇంకేం అడుగుతాం” అని రూమ్మేట్ తేల్చేస్తాడు.

రాసి ఉన్న మాట నిజమే. కానీ రాసినదంతా చట్టం ముందు అలాగే నిలబడుతుందని కాదు. కిరాణా కొట్టు బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని రబ్బరు స్టాంపు ఉన్నా, పాడైన సరుకు వెనక్కి తీసుకోనని షాపువాడు అనలేడు కదా. ఇదీ కొంత అలాంటిదే. కొంత అని ఎందుకు అంటున్నానో చెప్తాను.

ముందు హోటల్ వైపు న్యాయం చూద్దాం. మిర్చికి రేటు లేకపోతే రైతు కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టుకుంటాడు, గుంటూరు చుట్టూ ఎన్ని ఉన్నాయో మనకి తెలుసు. రూమ్‌ని అలా దాచలేం. ఈ రాత్రి ఖాళీగా పోయిన రూమ్ రేపు అమ్ముడుపోదు. అందుకే “నువ్వు రాకపోయే రిస్క్ నువ్వే పెట్టుకో, నేను రేటు తగ్గిస్తా” అంటారు. ఆ డిస్కౌంట్ మనం తీసుకున్న రిస్క్‌కి ధర అన్నమాట. ఉదాహరణకి ఫ్రీ క్యాన్సిలేషన్ రేటు 1,650, నాన్-రిఫండబుల్ 1,400 అనుకోండి. వెళ్ళలేకపోయే అవకాశం p అయితే, 1,650 × (1 − p) = 1,400 అయిన చోట రెండూ సమానం. p సుమారు 15 శాతం వస్తుంది. అంటే ఆరు ట్రిప్పుల్లో ఒకటైనా క్యాన్సిల్ అయ్యే రకం మనుషులైతే చవక రేటే ఖరీదు. ప్లేస్‌మెంట్ సీజన్‌లో మన షెడ్యూల్ ఏ రకమో మీకే తెలుసు.

ఇప్పుడు బయానా సంగతి. అమరావతి చుట్టుపక్కల ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ పదం చెప్పక్కర్లేదు. పొలం కొనేటప్పుడు ముందు కొంత ఇస్తారు, కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా పోతుంది. అది అందరూ ఒప్పుకునే న్యాయం. కానీ బయానా ఇచ్చాక ధరలో ఇంకో పెద్ద వాయిదా కూడా కట్టి, ఆ తర్వాత బేరం చెడితే? కట్టినదంతా పోతుందా?

సరిగ్గా ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. 1963లో ఫతే చంద్, బాలకిషన్ దాస్ కేసు. ఢిల్లీలో ఒక బంగళా, ధర 1,12,500 రూపాయలు. కొనేవాడు బయానాగా 1,000, తర్వాత ఇంకో 24,000 కట్టాడు. బేరం పూర్తికాలేదు. మొత్తం 25,000 పోయినట్టే అని అగ్రిమెంట్‌లో రాసుకున్నారు. కోర్టు మాత్రం 1,000 ఉంచుకోవచ్చు, మిగతాది అలా మింగేయడం కుదరదు అంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఎంత రాసుకున్నా చేతికి దక్కేది ‘సమంజసమైన పరిహారం’ మాత్రమే. రాసుకున్న అంకె పై హద్దు, అంతే.

2015లో ఇదే దారిలో ఇంకో తీర్పు వచ్చింది, కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వేలంలో ఒక కంపెనీ 3.12 కోట్లకి ప్లాట్ పాడుకుని 78 లక్షలు కట్టింది. అథారిటీ ఆ డబ్బు జప్తు చేసి, అదే ప్లాట్‌ని 11.78 కోట్లకి మళ్ళీ అమ్మింది. ఇందులో నీకు నష్టం ఏది అని కోర్టు అడిగింది, 78 లక్షలూ తిరిగి ఇమ్మంది. ఆ కేసులో కంపెనీ మాట తప్పలేదని కూడా కోర్టు తేల్చింది, కాబట్టి మన రూమ్ గొడవకి అచ్చుగుద్దినట్టు సరిపోదు. కానీ మనకి పనికొచ్చే ప్రశ్న అందులోనే ఉంది: ఆ రూమ్ మళ్ళీ అమ్ముడుపోయిందా?

సంక్రాంతికి విజయవాడలో రూమ్ దొరకడం ఎంత కష్టమో తెలుసు కదా. అలాంటి రోజుల్లో మీరు పది రోజుల ముందు వద్దంటే ఆ రూమ్ ఖాళీగా ఉండదు. హోటల్‌కి మీ డబ్బూ వస్తుంది, కొత్తవాడి డబ్బూ వస్తుంది. కాబట్టి మీ తేదీ దగ్గర పడ్డాక యాప్‌లో అదే హోటల్, అదే రూమ్ రకం వెతకండి. ‘సోల్డ్ అవుట్’ అని వస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీ చేతిలో ఉండే ఆధారాల్లో నా లెక్కన ఇదే బలమైనది. అదే అర్ధరాత్రి క్యాన్సిల్ చేసి, ఆ రోజు హోటల్ సగం ఖాళీగా ఉంటే, వాళ్ళ నష్టం నిజమైనదే. అప్పుడు వాదనలో బలం ఉండదు.

అవతలివాళ్ళ వాదన కూడా గట్టిదే. “రెండు రేట్లూ చూపించాం, నువ్వే చవకది ఎంచుకున్నావు” అంటారు. ఫోరమ్‌లో కూర్చున్నవాళ్ళు దానికి తల ఊపే అవకాశం బాగానే ఉంది. అందుకే డబ్బు కచ్చితంగా వస్తుందని నేను అనట్లేదు. అడగడానికి ఆధారం ఉంది అంటున్నాను.

ఇక్కడ ఇంకో తేడా చూడాలి. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ మునిగిన రోజు. కేసముద్రం దగ్గర ట్రాక్ కింద కంకర కొట్టుకుపోయింది, నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీద నీళ్ళు. హైదరాబాద్ దారులు రెండూ మూసుకుపోయాయి. మా పెద్దమ్మ వాళ్ళ అబ్బాయికి ఆ రాత్రికి హైదరాబాద్‌లో నాన్-రిఫండబుల్ రూమ్ ఉంది. రైలు టికెట్ డబ్బులు పూర్తిగా వచ్చేశాయి, ఎందుకంటే రైలుని రద్దు చేసింది రైల్వేనే. రూమ్ విషయంలో అలా కాదు. హోటల్ తెరిచే ఉంది, రూమ్ సిద్ధంగా ఉంది, రాలేనిది అన్నయ్య. వరద వల్ల హోటలే మూతపడి ఉంటే లెక్క మారేది. ఒప్పందం అమలు అసాధ్యమైతే అది చెల్లదని కాంట్రాక్ట్ చట్టం 56వ సెక్షన్, అప్పుడు తీసుకున్నది తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెప్తాయి. మనం వెళ్ళలేకపోవడం వేరు, వాళ్ళు ఇవ్వలేకపోవడం వేరు.

అన్నయ్య చట్టం జోలికే వెళ్ళలేదు. హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి, “డబ్బులు వెనక్కి ఇవ్వమనట్లేదండీ, డేట్ మార్చండి చాలు” అన్నాడు. మేనేజర్ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: “యాప్‌లో క్యాన్సిల్ మాత్రం కొట్టకండి బాబూ, కొడితే నా చేతిలో ఏమీ ఉండదు.” మూడు వారాల తర్వాతి తేదీకి మార్చి ఇచ్చారు.

అందుకే ఆ బటన్ ఆఖరున నొక్కాలి. క్యాన్సిల్ కొట్టగానే సిస్టమ్‌లో రూల్ రన్ అయిపోయి రిఫండ్ సున్నా అని పడుతుంది, తర్వాత దాన్ని వెనక్కి తిప్పడం కష్టం. బుకింగ్ బతికి ఉన్నంతసేపూ బేరానికి చోటుంటుంది. తేదీ మార్చమనొచ్చు, మీ బదులు ఫ్రెండ్ పేరు పెట్టమనొచ్చు. ఫోన్‌లో మేనేజర్ సరే అంటే “సార్, అదే ఒక్క లైన్ మెయిల్ పెట్టండి” అని అడగండి. ఎందుకంటే తర్వాత పింగ్-పాంగ్ మొదలవుతుంది: యాప్‌వాళ్ళు హోటల్ ఒప్పుకోవాలి అంటారు, హోటల్‌వాళ్ళు డబ్బు యాప్ దగ్గరుంది అంటారు. మేనేజర్ మెయిల్ ఉంటే ఆ ఆట ఆగుతుంది.

హోటల్ కాదంటే, యాప్‌లో చాట్ బాట్‌తో గంటలు గడపకండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రతి ప్లాట్‌ఫామ్‌కీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అదే రూల్స్‌లో నాకు బాగా నచ్చిన లైన్ ఇంకోటి ఉంది. కంపెనీ తనంతట తాను ఆర్డర్ క్యాన్సిల్ చేసినప్పుడు అలాంటి ఛార్జీ తాను కూడా భరించకపోతే, కస్టమర్ దగ్గర క్యాన్సిలేషన్ ఛార్జీ తీసుకోకూడదు. కాబట్టి మెయిల్‌లో మర్యాదగా ఒక ప్రశ్న వేయండి: “నా బుకింగ్ మీరే రద్దు చేసి ఉంటే, నా డబ్బు కాక అదనంగా నాకెంత ఇచ్చేవారు?”

దీనికీ కదలకపోతే 1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. ఇది కోర్టు కాదు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తుంది. బ్యాంక్ చార్జ్‌బ్యాక్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. రూమ్ ఇవ్వకపోతే అది పనికొస్తుంది, మనం వెళ్ళని కేసులో కంపెనీ ఆ బూడిద రంగు లైన్ చూపిస్తే ముగిసిపోయే అవకాశమే ఎక్కువ. పోనీ జీఎస్టీ అయినా వెనక్కి ఇవ్వమందామంటే, అలా జప్తయిన డబ్బు మీద కూడా రూమ్‌కి ఉన్న రేటే పన్ను పడుతుందని 2022 ఆగస్టులో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది.

బూడిద రంగు గురించి ఒక మాట, సీఎస్ఈ వాళ్ళకి. ‘ఒక్క రూమే మిగిలింది’ అని లేని తొందర పుట్టించడం, ముఖ్యమైన విషయాన్ని కంటికి ఆనకుండా పెట్టడం లాంటివి 13 డార్క్ ప్యాటర్న్‌లు గుర్తించి 2023 నవంబర్ 30న కేంద్రం గైడ్‌లైన్స్ తెచ్చింది. రేపు ఆ స్క్రీన్‌కి సీఎస్ఎస్ రాసేది మనలో ఎవరో ఒకరే. బుక్ చేసేటప్పుడు ఆ స్క్రీన్ ఎలా కనిపించిందో స్క్రీన్‌షాట్ ఉంటే, పాలసీ సరిగ్గా చూపించలేదని చెప్పడానికి పనికొస్తుంది.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక హోటల్ ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, మనకైతే గుంటూరులో. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానే ఫైల్ చేయొచ్చు. జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా వేసే ఒప్పందాన్ని ఆ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అంటుంది. కాకపోతే అలాంటి షరతు చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకి ఇచ్చారు. జిల్లాలో సేవాలోపం, అన్యాయమైన వ్యాపార పద్ధతి అని అడగాలి. 1,400 కోసం అంత దూరం వెళ్ళాలా అంటే, ఒక్కరైతే నేను వెళ్ళమనను. ఫెస్ట్‌కి ముప్పై మందికి బుక్ చేసిన పది రూమ్‌లైతే తప్పకుండా వెళ్ళమంటాను. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ళ వరకు టైమ్ ఉంటుంది, ఈలోపు సెమిస్టర్ పరీక్షలు రాసుకోవచ్చు.