పోయిన వస్తువుల పక్కన నిలబడ్డ సాక్షి

1995 నుంచి న్యూయార్క్ టైమ్స్‌లో వారానికోసారి ఒక వింత ప్రకటన పడేది. పోయినవీ దొరికినవీ వేసే క్లాసిఫైడ్స్ మధ్య, ఏ భాషకూ అందని అక్షరాలూ అంకెలూ ఒక వరుసలో. చదివేవాళ్లకు అది అచ్చుతప్పులా కనిపించి ఉండాలి. శిక్షణ పూర్తిచేసిన ఉద్యోగి ఫోన్‌లోకి ఇవాళ వచ్చే బ్లాక్‌చెయిన్ సర్టిఫికెట్‌కు ముత్తాత ఆ ప్రకటనే.

దాని వెనక ఉన్నవాళ్లు స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా. అమెరికాలో న్యూజెర్సీలోని బెల్‌కోర్ పరిశోధనశాలలో పనిచేసేవారు. కాగితం మీద తేదీ దిద్దితే గీరిన మచ్చ, సిరా తేడా పట్టిస్తాయి. కంప్యూటర్ ఫైలులో దిద్దితే పట్టించేదేమిటి? ఇదీ వాళ్ల ప్రశ్న. నమ్మకస్తుడైన ఒకరి దగ్గర నకలు దాచుదామంటే, ఆ నమ్మకస్తుడే లాలూచీ పడితే? చిక్కు ఎటూ తెగలేదు. స్టోర్నెటా కుటుంబంతో ఐస్‌క్రీమ్ దుకాణంలో వరుసలో నిలబడి ఉండగా ఉపాయం తట్టింది: ఒక్కరినే నమ్మడమెందుకు, అందరినీ సాక్షులుగా పెడితే సరి. లోకమంతా లాలూచీ పడదు కదా! ఆ ఉపాయం 1991లో పరిశోధన వ్యాసంగా వెలువడింది.

దాని గుండెకాయ హ్యాష్ అనే లెక్క. పిండిమరలో గింజ పోస్తే పిండి వస్తుంది, పిండిని తిప్పి గింజ చేయలేం. హ్యాష్ కూడా అంతే. ఎంత పెద్ద ఫైలు పోసినా ఒకే పొడవున్న గుర్తు వస్తుంది. ఇప్పుడు విరివిగా వాడే షా-256లో అది 64 అక్షరాలు. అదే ఫైలు పోస్తే ఎప్పుడూ అదే గుర్తు. ఒక్క కామా మార్చినా గుర్తు మొత్తం మారిపోతుంది. ఇలాంటి గుర్తులను ఒకదానికొకటి ముడివేసి, వారం చివర మిగిలిన ఒక్క గుర్తునూ పత్రికలో అచ్చువేయించారు. ఇక పాత పత్రం దిద్దాలంటే ఇళ్లలో, లైబ్రరీల్లో ఉన్న పత్రికలన్నీ దిద్దాలి.

2008లో సతోషీ నకమోటో పేరుతో వచ్చిన బిట్‌కాయిన్ పత్రం చివర 8 ఆధారాలున్నాయి. వాటిలో 3 ఈ ఇద్దరివే. 2009 జనవరిలో బిట్‌కాయిన్ నడక మొదలయ్యాక పత్రిక చేసిన పని కంప్యూటర్ల వలకు దక్కింది. డబ్బు లెక్క రాసే ఆ వల ఉమ్మడి చిట్టాలో, అంటే బ్లాక్‌చెయిన్‌లో, చదువు లెక్క కూడా రాయొచ్చని 2014లో సైప్రస్‌లోని నికోసియా విశ్వవిద్యాలయం చూపించింది. డిజిటల్ కరెన్సీ కోర్సు పూర్తిచేసినవారి సర్టిఫికెట్ల గుర్తులను బిట్‌కాయిన్‌లో ఎక్కించింది. 2016లో ఎంఐటీ మీడియా ల్యాబ్, లెర్నింగ్ మెషీన్ అనే సంస్థ కలిసి ఇలాంటి సర్టిఫికెట్ల కోసం బ్లాక్‌సర్ట్స్ అనే ప్రమాణాన్ని అందరికీ తెరిచాయి. మరుసటి ఏడు ఎంఐటీ పట్టభద్రులు 111 మంది ఫోన్ యాప్‌లో డిప్లొమా అందుకున్నారు. 2019లో సింగపూర్ ప్రభుత్వం ఓపెన్‌సర్ట్స్ తెచ్చింది. అక్కడ కాలేజీ పట్టాలతో పాటు ఉద్యోగుల నైపుణ్య ధ్రువపత్రాలూ ఈ దారి పట్టాయి.

పని జరిగే తీరు చూద్దాం. ఒక ఫ్యాక్టరీ ఎత్తు మీద పనిచేసే 1,000 మందికి భద్రతా శిక్షణ ఇచ్చిందనుకోండి. వెయ్యి సర్టిఫికెట్ల గుర్తులను రెండేసి చొప్పున కలిపి మళ్లీ హ్యాష్ చేస్తారు. అలా కలుపుతూ పోతే పైన ఒక్క గుర్తే మిగులుతుంది. కనిపెట్టిన రాల్ఫ్ మెర్కిల్ పేరు మీద దీన్ని మెర్కిల్ చెట్టు అంటారు. చెయిన్‌లోకి ఎక్కేది ఆ ఒక్క గుర్తే. పేర్లు, మార్కులు ఎక్కవు. ప్రతి సర్టిఫికెట్ వెంట 10 పక్క గుర్తులుంటే చాలు, కింది నుంచి పైదాకా మెట్లెక్కి సరిపోల్చుకోవచ్చు. కొత్త కంపెనీవాళ్లు పాత కంపెనీకి ఫోన్ చేయనక్కర్లేదు. హైదరాబాద్‌లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కోసం రోజుల తరబడి ఎదురుచూసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది.

అయితే ఒక్క సంస్థను అందరూ నమ్మేచోట చెయిన్ లేకపోయినా నడుస్తుంది. 2015లో మొదలైన మన డిజీలాకర్ అందుకు సాక్ష్యం. పత్రం ఇచ్చిన శాఖ డిజిటల్ సంతకమే అక్కడ ఆధారం. 2019లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వెలువరించిన ధ్రువపత్రాల ప్రమాణం కూడా బ్లాక్‌చెయిన్ ఉండి తీరాలని పట్టుబట్టలేదు. చెయిన్ అసలు బలం వేరేచోట ఉంది: తేదీని ఎవరూ వెనక్కి జరపలేరు, శిక్షణ సంస్థ మూతపడినా గుర్తు మిగిలే ఉంటుంది. చిక్కూ అక్కడే. భద్రతా శిక్షణకు గడువుంటుంది, పొరపాటున ఇచ్చినవి రద్దు చేయాల్సి వస్తుంది. చెరపలేని చిట్టా మీద చెరపలేరు కాబట్టి రద్దుల జాబితా వేరే పెట్టుకోవాలి. ఆ జాబితాను మళ్లీ ఎవరో ఒకరు కాపాడాలి.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు మీద సాక్షి సంతకం పెట్టించుకుంటారు. అమ్మినవాడు తన ఎదుట సంతకం చేశాడని మాత్రమే దానికి అర్థం. ఆ పొలం నిజంగా అతనిదేనా అన్నది సాక్షి పూచీ కాదు. బ్లాక్‌చెయిన్ ఎన్ని వేల కంప్యూటర్లున్నా అలాంటి సాక్షే. ఫలానా రోజున ఫలానా సంస్థ ఈ సర్టిఫికెట్ ఇచ్చిందనీ, తర్వాత ఎవరూ దిద్దలేదనీ చెబుతుంది. ఎత్తెక్కే ముందు సేఫ్టీ బెల్టు కొక్కెం తగిలించుకోవడం శిక్షణ పొందిన ఉద్యోగికి అలవాటైందో లేదో మాత్రం ఎదురుగా నిలబడి నేర్పినవాళ్లే చెప్పాలి.