అమెరికా చిన్న కాలేజీలు: దరఖాస్తు పెట్టే ముందు

అమెరికా చదువంటే మనవాళ్ళకి తెలిసింది ఎమ్మెస్సే. బి.టెక్. అయ్యాక అప్పు చేసి పోవడం. ఇంటర్ కాగానే నేరుగా డిగ్రీకే పోగలిగే చిన్న కాలేజీలు అక్కడున్నాయని కార్పొరేట్ స్కూళ్ళ పిల్లలకి తెలుసు, వెలివాడకి తెలియదు. చాలావాటిల్లో విద్యార్థులు రెండు వేలకు అటూ ఇటూ. నాలుగేళ్ళ డిగ్రీ, చిన్న క్లాసులు, చరిత్ర చదువుతూనే రసాయనశాస్త్రమూ చదువుకునే వీలు. వీటినే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు.

ఇవి వందకు పైనే ఉన్నాయి. ఏవి ఎంచుకోవాలి? ర్యాంకులు చూడమంటారు కన్సల్టెంట్లు. ర్యాంకు ఫీజు కట్టగలిగినవాడి ప్రశ్న. మన ప్రశ్న డబ్బు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీకి, పిహెచ్.డి.కే గాని డిగ్రీకి రాదు. కాలేజీయే తన సొమ్ము ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ సీటు మనది కాదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కట్టే స్తోమత చూడకుండా సీటిస్తామని కొన్ని కాలేజీలు గొప్పగా చెప్పుకుంటాయి. దాన్ని నీడ్-బ్లైండ్ అంటారు. చాలాచోట్ల ఆ మాట అమెరికా పౌరులకే. విదేశీ పిల్లల దగ్గరికొచ్చేసరికి ఎంత సాయం అడిగితే సీటు అంత కష్టం. విదేశీయులకీ ఆ మాట ఇచ్చినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆమ్‌హర్స్ట్ వాటిల్లో ఒకటి, 2022లో బోడిన్ కూడా చేరింది. అక్కడ పోటీ ఘోరం. అందుకని అవి ఒకటి రెండుకు మించి పెట్టుకోవద్దు.

మిగతావాటికి కామన్ డేటా సెట్ చూడాలి. చాలా కాలేజీలు ఏటా విడుదల చేసే పత్రం అది. అందులో హెచ్ 6 అనే చోట ఎంతమంది విదేశీ విద్యార్థులకి సాయం ఇచ్చిందీ, సగటున ఎంత ఇచ్చిందీ ఉంటుంది. ఆ సగటు మొత్తం ఖర్చులో సగమే అయితే ఆ కాలేజీని అక్కడే వదిలెయ్యండి. బ్రోచర్ల మీద నవ్వే నల్ల ముఖాలకన్నా ఈ అంకె నిజం చెబుతుంది. సీటిస్తే మీ కాలేజీలోనే చేరతామని ముందే మాటిచ్చే ఎర్లీ డెసిషన్ జోలికి పోకపోవడం మేలు. ఎవరెంత ఇస్తారో పోల్చి చూసుకునే వీలు పోతుంది.

కెంటకీలోని బెరియా గురించి విడిగా చెప్పాలి. బానిసత్వ వ్యతిరేకి జాన్ ఫీ 1855లో మొదలుపెట్టాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి చదువుతున్నారని 1904లో ఆ రాష్ట్రం చట్టం చేసి మరీ విడగొట్టింది. ట్యూషన్ ఫీజు ఎవరూ కట్టనక్కర్లేదు. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు కాలేజీలో పని చెయ్యాలి. డిగ్రీతోపాటు పని చెయ్యడం అందరికీ నియమమైన చోటు అది. మన దగ్గర చీపురు ఎవరి చేతికిస్తారో మనకి తెలుసు గదా! అయితే విదేశీయులకి అక్కడ సీట్లు కొద్దే.

డబ్బు తేలాక కులం. అంత చిన్న క్యాంపస్‌లో భారతీయులు నలుగురే ఉంటే ఆ నలుగురూ ఎవరన్నది ముఖ్యం. ఇంటిపేరు అడిగి ఆరా తీసే అలవాటు విమానమెక్కి పోతుంది. మెయిన్ రాష్ట్రంలోని కోల్బీ 2021లో వివక్ష నిషేధ నియమాల్లో కులాన్ని చేర్చింది. మిగతా కాలేజీలకి ఉత్తరం రాసి అడగండి. జవాబు ఎలా ఇస్తారో అదీ చూడండి.

దరఖాస్తు ఫీజు మాఫీ చెయ్యమని కూడా ఆ ఉత్తరంలోనే అడగొచ్చు. తల్లిదండ్రులు ఎంతవరకు చదివారని ఫారంలో ఒక గడి ఉంటుంది. చదవలేదనే రాయండి. మొదటితరం విద్యార్థి అన్నది లెక్కలోకి తీసుకుంటారో లేదో అదే డేటా సెట్‌లో సి 7 దగ్గర ఉంటుంది.