బస్తరు పల్లెలకు రోడ్డొచ్చింది, బస్సు రాలేదు

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధానిలోని భాటాగావ్ అంతర్రాష్ట్ర బస్ టెర్మినల్‌లో జగదల్‌పూర్ బస్సు ఎక్కదలచిన వారికి కష్టమేమీ లేదు. సుమారు 300 కిలోమీటర్ల ఈ జాతీయ రహదారిపై పగలూ రాత్రీ ప్రైవేటు బస్సులు నడుస్తూనే వుంటాయి. అసలు చిక్కు జగదల్‌పూర్‌లోనో, అంతకు ముందు కొండగావ్‌లోనో బస్సు దిగిన తర్వాత మొదలవుతుంది. అక్కడి నుంచి సుక్మా, బీజాపూర్, నారాయణపూర్ జిల్లాల లోపలి గ్రామాలకు వెళ్లవలసిన వారు చాలాచోట్ల వారపు సంత కోసం ఎదురు చూడాలి, లేదా మోటారు సైకిలున్న బంధువును ఆశ్రయించాలి. ఆ రెండూ కుదరకపోతే కాలినడకే గతి.

పల్లెవెలుగు బస్సులకు అలవాటు పడిన తెలుగు పాఠకులకు ఈ పరిస్థితి వింతగా తోచవచ్చు. నిజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో ప్రారంభమైన ప్రభుత్వ రవాణా తర్వాతి కాలంలో రూపం మార్చుకుంటూ నేటికీ కొనసాగుతుండగా, ఛత్తీస్‌గఢ్‌లో ఆర్టీసీ అన్నదే లేదు. 2000 నవంబర్ 1న మధ్యప్రదేశ్ నుంచి విడివడిన ఈ రాష్ట్రం, కొద్ది కాలానికే నష్టాల కారణంగా రవాణా సంస్థను వదిలించుకుంది. దానితో బస్సు రవాణా యావత్తు ప్రైవేటు పర్మిట్‌దారుల చేతిలోకి వెళ్లింది. ఆర్టీసీ వున్నచోట లాభాల రూటు నష్టాల రూటును పోషిస్తుంది. పర్మిట్‌దారుకు ఆ అవసరం లేదు. రాయ్‌పూర్-బిలాస్‌పూర్ వంటి రద్దీ మార్గాలలో పోటీపడే యజమాని, పదిమంది కూడా ఎక్కని అడవి దారిలో బస్సు తిప్పాలని ఆశించడం అత్యాశే అవుతుంది.

విచారకరమైన విషయమేమంటే, ఈ రోడ్లకు చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. 2010 మేలో దంతెవాడ ప్రాంతంలోని చింగావరం వద్ద మావోయిస్టులు ప్రయాణికుల బస్సును మందుపాతరతో పేల్చివేయగా 30 మందికి పైగా మరణించారు. 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ వద్ద రోడ్డు పనులకు కాపలా కాస్తున్న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. అంతటి త్యాగంతో పడిన తారు మీద ఎక్కువగా తిరిగేవి భద్రతా దళాల వాహనాలు, మోటారు సైకిళ్లు, సంత రోజున చింతపండు, ఇప్పపువ్వు బస్తాలతో పాటు మనుషులనూ కిక్కిరిసి ఎక్కించుకునే జీపులు, ట్రాక్టర్లు. జీపు నిండితేనే కదులుతుంది. సంత ముగిసిన తర్వాత మళ్లీ వారం దాకా అదీ వుండదు.

జబ్బు మాత్రం సంత రోజు చూసుకుని రాదు. రోడ్డు లేని గూడేల నుంచి రోగులను నేటికీ కావడి మీదనో, మంచం మీదనో మోసుకు వస్తున్నారు. నారాయణపూర్ వంటి చోట్ల ఈ లోటు కొంతైనా తీర్చడానికి మోటారు సైకిల్ అంబులెన్సులు ప్రవేశపెట్టారు. రాష్ట్రపు దక్షిణపు కొసన వున్న కోంటా వాసులకు 450 కిలోమీటర్లకు పైబడిన రాయ్‌పూర్ కంటే తెలంగాణలోని భద్రాచలం ఆసుపత్రే దగ్గర.

రైలు సంగతి చెప్పనక్కరలేదు. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960 దశకంలోనే కొండలు తొలిచి లైను వేశారు. బస్తరు మనిషిని రాజధానికి దగ్గరి దారిలో చేర్చే రావ్‌ఘాట్-జగదల్‌పూర్ లైనుకు, 140 కిలోమీటర్ల మేర, ఆమోదం లభించింది 2025లో.

అదే 2025లో రాష్ట్ర ప్రభుత్వం బస్తరు, సర్గుజా డివిజన్లకు ముఖ్యమంత్రి గ్రామీణ బస్సు పథకాన్ని ప్రకటించింది. 18 నుంచి 42 సీట్ల బస్సులను మారుమూల మార్గాలలో నడిపే వారికి ప్రభుత్వం కిలోమీటరుకు మొదటి ఏడాది 26 రూపాయలు, రెండో ఏడాది 24, మూడో ఏడాది 22 చొప్పున చెల్లిస్తుంది. మూడేళ్లపాటు నెలసరి పన్ను మినహాయింపు కూడా వుంది. అంధులు తదితర వికలాంగులకు ప్రయాణం ఉచితం. నక్సల్ బాధితులకు సగం చార్జీ. తొలి విడతగా 34 మార్గాలలో 250 గ్రామాలను ఎంపిక చేశారు. అక్టోబర్ 4న జగదల్‌పూర్‌లో కేంద్ర హోం మంత్రి అమిత్ షా బస్సులను ప్రారంభించారు.

లెక్క చూస్తే, 40 కిలోమీటర్ల మార్గంలో రోజుకొకసారి వెళ్లివచ్చే బస్సుకు మొదటి ఏడాది దినసరి 2,080 రూపాయలు ముడుతుంది. మూడో ఏడాదికి అది 1,760కి దిగుతుంది. తగ్గిన మేరకు టిక్కెట్ల ఆదాయం పెరుగుతుందన్నది పథకం వెనుక వున్న ఆశ. ప్రజలకు బస్సు అలవాటైతే అది నెరవేరవచ్చు. కాని జనాభా పలుచగా, చేతిలో రొక్కం తక్కువగా వున్న అబూజ్‌మాడ్ వంటి ప్రాంతాలలో మూడేళ్లలో బస్సు తన కాళ్లపై నిలబడడం కష్టమే. నాలుగో ఏడాది పర్మిట్‌దారు బస్సును ప్రధాన రహదారి మీదికి మళ్లిస్తే ఆపగల ఆర్టీసీ ప్రభుత్వం వద్ద లేదు.

కాగా, 2005లో తన రవాణా సంస్థను మూసివేయాలని నిర్ణయించిన మధ్యప్రదేశ్, 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి సుగమ్ పరివహన్ సేవ పేరిట బస్సు రవాణాను మళ్లీ ప్రభుత్వ పర్యవేక్షణలోకి తెచ్చే ప్రతిపాదనకు ఆమోదం తెలపడం గమనార్హం.