సినిమా డిస్కు ఒక ప్రతి: రాయలసీమలో వీసీడీల సేకరణ – పాఠపరిశీలన

వ్యాససంగ్రహం: వీడియో క్యాసెట్టు తరువాత తెలుగు ఇళ్లలో వాడుకలోకి వచ్చిన వీసీడీని పాత సరుకుగా కాక, సినిమాకు ఒక పాఠాన్ని నిలిపిన ప్రతిగా పరిగణించవలసిన అవసరాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. సేకరణలోనూ పరిశీలనలోనూ పాటించవలసిన జాగ్రత్తలను సూచిస్తుంది.

కీలకపదాలు: వీసీడీ, ప్రతి, పాఠభేదం, మాయాబజార్, కర్నూలు, కడప.

1. ఉపోద్ఘాతం

1820 దశకంలో కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ తెలుగు గ్రంథాల ప్రతులను సేకరించి, పండితుల చేత సరిపోల్పించి, పాఠాలను పరిష్కరింపజేశాడు. ఒక్క ప్రతి ఆధారంగా పాఠనిర్ణయం చేయరాదన్నది ఆ కృషికి మూలసూత్రం. సినిమా పరిశోధనలో ఈ సూత్రం తరచుగా విస్మృతమవుతున్నది. నేడు తేలికగా లభించే రూపాన్నే మూలంగా భావించి పరిశోధకులు ఉదాహరిస్తున్నారు.

2. పాఠభేదం: మాయాబజార్

కడప జిల్లా పొట్టిపాడులో జన్మించిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలసి నిర్మించిన ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపు చిత్రంగా విడుదలైంది. 2010లో దీనికి రంగులద్ది, నిడివి తగ్గించి, సినిమాస్కోప్ చట్రానికి మార్చి మళ్లీ విడుదల చేశారు. అంతకు ముందు వెలువడిన నలుపు తెలుపు డిస్కు, ఈ రంగుల రూపం రెండు వేర్వేరు పాఠాలు. దృశ్యవిన్యాసాన్ని చర్చించే పరిశోధకుడు ఏ పాఠాన్ని చూశాడో పేర్కొనకపోతే అతని నిర్ధారణలు నిలువవు.

ఇతర దేశాల్లోనూ ఇదే అనుభవం. ‘స్టార్ వార్స్’ తొలి మూడు చిత్రాలకు 1997లో మార్పులు చేశారు. వాటి పూర్వరూపాలను 2006లో డీవీడీపై అందించినప్పుడు 1993 నాటి లేజర్‌డిస్క్ మాస్టర్లే ఆధారమయ్యాయి.

3. వీసీడీ స్వరూపం – పరిశీలనలో పొరపాట్లు

వీసీడీ ప్రమాణం 1993లో రూపొందింది. ఒక డిస్కులో సుమారు 74 నిమిషాల చిత్రం ఇముడుతుంది. అందువల్ల మూడు గంటల తెలుగు సినిమాకు మూడు డిస్కులు అవసరమయ్యేవి. డిస్కు ముగిసేచోట వచ్చే విరామం దర్శకుడు ఉద్దేశించిన విశ్రాంతి కాదు. కథాగమన విశ్లేషణలో ఈ తేడాను గుర్తించాలి.

నిడివి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సినిమా సెకనుకు 24 చట్రాలతో నడుస్తుంది. పాల్ పద్ధతి వీసీడీ 25 చట్రాలతో నడుస్తుంది. చట్రాన్ని చట్రంగానే మార్చినప్పుడు 180 నిమిషాల చిత్రం దాదాపు 173 నిమిషాలకే ముగుస్తుంది. ఏడు నిమిషాలు తగ్గినంత మాత్రాన కత్తిరింపు జరిగిందని తీర్మానించరాదు. శ్రుతిని సవరించకపోతే పాటలు కూడా అర్ధస్వరం కంటే కొంచెం తక్కువగా పైస్థాయిలో వినిపిస్తాయి. ఘంటసాల పాటల శ్రుతిని డిస్కు ఆధారంగా నిర్ణయించేవారికి ఇది ముఖ్యమైన హెచ్చరిక.

4. సేకరణ, భద్రత

కర్నూలు, కడప ప్రాంతాల వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. పొడి గాలి బూజును అరికట్టినా వేడిమి, దుమ్ము డిస్కులకు హాని చేస్తాయి. రేకుల కప్పు కింద, కిటికీ ఎండలో వాటిని ఉంచరాదు. ఇంట్లో రాసుకున్న డిస్కులలోని రంజకపు పొర వెలుతురుకు త్వరగా క్షీణిస్తుంది. అచ్చువేసిన డిస్కులకు ఆ బెడద లేకపోయినా, వాటి పేరు ముద్రించిన వైపు అల్యూమినియం పొర మీద పలుచని లక్క పూత మాత్రమే ఉంటుంది. గ్రంథాలయ సంఖ్యను అక్కడ బాల్ పెన్నుతో రాయక, పెట్టె మీద రాయాలి.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరద కర్నూలును ముంచెత్తింది. అటువంటి విపత్తులో తడిసిన డిస్కును మంచినీటితో కడిగి, మధ్య నుంచి అంచుకు తుడిచి కాపాడుకోవచ్చు. కాగితపు అట్ట మాత్రం దక్కదు. సంస్థ పేరు, ధర, అద్దె దుకాణం ముద్ర దాని మీదనే ఉంటాయి. ప్రతి ఎక్కడిది, ఎవరి చేతులు మారింది అని చెప్పే ఆధారం అదే. కావున డిస్కుతోపాటు అట్టను, లోపలి వలయంపై చెక్కిన సంఖ్యను కూడా నమోదు చేయాలి.

వీసీడీలోని వీడియో భాగానికి సాధారణ డేటా సీడీలో ఉండే అదనపు దోషసవరణ లేదు. గీతలు పెరిగిన కొద్దీ పాఠం శాశ్వతంగా లుప్తమవుతుంది. నకలు తీయడంలో ఆలస్యం తగదు.

5. ముగింపు

వీసీడీ చిత్రనాణ్యత స్వల్పమే. 352×288 బిందువుల చిత్రం ఫిల్ముకు ప్రత్యామ్నాయం కాజాలదు. అయితే తాళపత్రం విలువను దాని చేతిరాత అందంతో కొలవం. అందులో మిగిలిన పాఠంతో కొలుస్తాం. డిస్కుకూ ఆ న్యాయమే వర్తిస్తుంది. రాయలసీమ కళాశాల గ్రంథాలయాలు, ఇళ్లలోనూ మూతపడిన అద్దె దుకాణాల్లోనూ మిగిలిన డిస్కులను పాఠభేదాల పట్టికతో సేకరిస్తే, తెలుగు సినిమా అధ్యయనానికి ప్రతుల పునాది ఏర్పడుతుంది.